పెరటి ప్రశ్నలు: ముసలి ఆపిల్ చెట్టుకు రంపం పెట్టే ముందు

ఈ నెల ప్రశ్నలన్నీ కొమ్మల కత్తిరింపు మీదే. అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్నవారికి ఆపిల్ చెట్టు పని చేసుకోవాల్సిన రోజులు ఇవే కాబట్టి వాళ్ల ఉత్తరాలకు ముందు చోటిచ్చాం. మామిడి గురించి అడిగినవారికి చివర్లో జవాబు ఉంది. ఆ పనికి కాయ దిగేదాకా గడువుంది.

ప్రశ్న: పోయినేడు పాత ఇల్లు కొన్నాం. పెరట్లో పాతిక అడుగుల ఆపిల్ చెట్టు ఉంది. ముందున్నవాళ్లు ఏళ్ల తరబడి దాన్ని ముట్టుకోలేదట. లోపలంతా చీకటి, కొమ్మలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కాయలు చిటారు కొమ్మన, చిన్నవి, మచ్చలతో కాశాయి. మావారు సగానికి కొట్టించేద్దాం అంటున్నారు. కొట్టించవచ్చా? ఎప్పుడు, ఎలా?
— ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: సగానికి కొట్టించవద్దు. ఈ ఒక్క మాట మీవారిని ఒప్పించగలిగితే చెట్టు సగం బాగుపడినట్టే.

చలికాలంలో చెట్టు తిండి అంతా వేళ్లలో, మానులో, లావు కొమ్మల్లో దాచుకుని ఉంటుంది. పైభాగం సగం పోయినా ఆ నిల్వ పెద్దగా తగ్గదు. వసంతం రాగానే అదంతా మిగిలిన కొద్దిపాటి మొగ్గల మీదికి ఎగదన్నుతుంది. కోసిన ప్రతిచోటా బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలు లేచి, నిటారుగా నాలుగైదు అడుగుల నీరుకొమ్మలు పుట్టుకొస్తాయి. వాటికి రెండు మూడేళ్లపాటు పూత రాదు. ఎత్తు తగ్గిద్దామని కొట్టిన చెట్టు రెండేళ్లలో మళ్లీ అంతెత్తు పెరుగుతుంది, ఈసారి మరింత గుబురుగా, కాయ లేకుండా. అందుకే ఈ పని మూడు చలికాలాల మీద పంచుకోవాలి. ఏ ఏడాదీ బతికున్న కొమ్మల్లో నాలుగో వంతుకు మించి తీయకండి. ఎండిన కొమ్మలు ఈ లెక్కలోకి రావు, అవి ఎన్నున్నా తీసేయవచ్చు.

చెట్టు శ్రమకు తగినదా కాదా ముందు చూడండి. మానులో తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు పోయినట్టు కాదు. చుట్టూ గట్టి కలప మందంగా ఉంటే తొర్రతోనే ఏళ్ల తరబడి కాస్తుంది. కానీ మొదట్లో నేలను ఆనుకుని పుట్టగొడుగులు లేస్తున్నా, మాను ఒరిగి అవతలి వైపు మట్టి పైకి లేచినా, సగానికి పైగా కొమ్మలు ఎండిపోయినా ఆ చెట్టు మీద ఖర్చు దండగ. కొత్త మొక్క నాటుకోండి, పాత గుంటలో కాకుండా కొంచెం ఎడంగా.

ఇక కాలం. మీ ప్రాంతంలో ఫిబ్రవరి చివరి వారం నుంచి మార్చి ఆఖరుదాకా మంచి అదను. గట్టి చలి వెనకబడి ఉండాలి, మొగ్గలు ఇంకా పచ్చబడకుండా ఉండాలి. అక్టోబరు, నవంబరుల్లో ఆకు రాలింది కదా అని కొట్టేవాళ్లున్నారు. అప్పుడు కోస్తే గాయం చలికాలమంతా పచ్చిగా ఉండిపోతుంది, కోసినచోట చలి దెబ్బకు బెరడు చచ్చిపోతుంది. వాన పడని రోజు చూసుకోండి.

పనిముట్లు మూడు చాలు. ముప్పావు అంగుళం లోపు పుల్లలకు చేతి ప్రూనర్, అంగుళంన్నర దాకా పొడుగు పిడుల లాపర్, ఆపైన వంపు తిరిగిన ప్రూనింగ్ రంపం. ప్రూనర్, లాపర్ రెండూ కత్తెరలా ఒక బ్లేడు పక్కనుంచి మరొకటి జారే బైపాస్ రకం కొనండి. బ్లేడు వచ్చి పలక మీద పడే యాన్విల్ రకం పచ్చి కొమ్మను నలిపేస్తుంది. నేల మీంచి అందేవన్నీ పొడుగు కర్ర రంపంతో కోయండి. నిచ్చెన మీద నిలబడి చెయిన్‌సా పట్టుకోవద్దు. ఇంటికి వచ్చే కరెంటు తీగ కొమ్మల్లోంచి పోతుంటే ఆ పక్క ముట్టుకోకుండా కరెంటు కంపెనీకి ఫోన్ చేయండి.

మొదటి ఏడాది చేయాల్సింది: ఎండినవి, విరిగినవి, బెరడు కుళ్లి గుంటపడినవి తీసేయండి. కొమ్మల మీదే ఎండి నల్లగా వేలాడుతున్న పాత కాయలను ఒక్కటీ వదలకండి. బ్లాక్ రాట్ తెగులు వాటిలోనే చలికాలం గడిపి మళ్లీ కొత్త కాయలకు పాకుతుంది. మాను మొదట్లో, అంటు కట్టిన ఉబ్బు కింది నుంచి లేచిన పిలకలన్నీ వేరుదాకా మట్టి తవ్వి తీసేయండి. అవి మీ చెట్టు జాతివి కావు, అంటుకు వేళ్లనిచ్చిన అడుగు మొక్కవి.

తర్వాత చెట్టు కిందికి వెళ్లి, మాను పక్కన నిలబడి తలెత్తి చూడండి. నడుమన నిటారుగా పైకి పోయిన లావు కొమ్మలు, మరో కొమ్మను రాసుకుంటూ అడ్డంగా పోయిన కొమ్మలు కనిపిస్తాయి. వాటిలో ఏది తీస్తే నడిమధ్య ఎక్కువ ఆకాశం కనిపిస్తుందో ఆ రెండు మూడింటినే ఎంచుకోండి. ఈ ఏడాదికి అంతే. చేతిలో ప్రూనర్ ఉంది కదా అని చివర్లన్నీ చిన్నచిన్నగా కత్తిరించుకుంటూ పోవడం చాలామంది చేసే పని. ఒక్క లావు కొమ్మ మొదలంటా తీస్తే వచ్చే వెలుగు, వంద పుల్లలు కత్తిరించినా రాదు. పైగా చివర కత్తిరించిన ప్రతి పుల్లా రెండు మూడుగా చీలి గుబురు పెంచుతుంది.

వెలుగు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, వచ్చే ఏటి పూమొగ్గ ఈ ఏడాది వేసవిలోనే తయారవుతుంది. ఆరుబయట పడే ఎండలో కనీసం మూడో వంతు లోపలి ఆకు మీద పడకపోతే అక్కడ ఆకు మొగ్గే తప్ప పూమొగ్గ ఏర్పడదు. మీ చెట్టు చిటారున మాత్రమే కాయడానికి కారణం అదే. గాలి ఆడక ఆకు తడి ఆరకపోవడమే కాయ మీద మచ్చకూ కారణం. స్కాబ్ అనే బూజు తెగులుకు తడిసిన ఆకే ఆధారం.

లావు కొమ్మ కోయడం ఒక పద్ధతి ప్రకారం జరగాలి. పైనుంచి ఒకే కోతగా రంపం నడిపితే కొమ్మ బరువుకు సగంలోనే విరిగి, కింద మాను బెరడును అడుగు పొడవున చీల్చుకుంటూ పోతుంది. మానుకు అడుగు దూరంలో, కొమ్మ అడుగుభాగం నుంచి పైకి మూడో వంతు మందం దాకా మొదటి కోత పెట్టండి. దానికి రెండంగుళాలు అవతల, పైనుంచి కిందికి రెండో కోత. కొమ్మ పడిపోతుంది, బెరడు చీలదు. మిగిలిన మొండిని మూడో కోతతో తీయాలి. ఈ మూడో కోతలోనే చెట్టు బాగోగులు ఉన్నాయి.

కొమ్మ మాను నుంచి పుట్టేచోట ఉబ్బెత్తుగా, ముడతలుగా ఒక కట్టు ఉంటుంది. కాలర్ అంటారు. గాయాన్ని పూడ్చే కణజాలం అక్కడే ఉంటుంది. రంపం ఆ ఉబ్బుకు సరిగ్గా బయట పడాలి. మానుకు నున్నగా చదును చేసి కోస్తే ఉబ్బు పోతుంది, గాయం రెండింతలవుతుంది, కుళ్లు నేరుగా మానులోకి దిగుతుంది. అలాగని జానెడు మొండి వదిలితే అది ఎండి, కుళ్లు లోపలికి దిగేందుకు దారి అవుతుంది. సరిగ్గా కోసిన గాయం చుట్టూ ఏడాది తిరిగేసరికి గుండ్రటి కండ లేస్తుంది. ఒక పక్క కండ లేకపోతే ఆ పక్క కోత లోపలికి పోయిందని గుర్తు.

గాయానికి తారు, పెయింటు పూయాలా అని మీరు అడగలేదు గానీ హార్డ్‌వేర్ దుకాణంలో అమ్ముతారు కనుక చెబుతున్నాం. వద్దు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్ల మానులు కోసి చూసి, చెట్టు గాయాన్ని మాన్పుకోదని, కుళ్లిన భాగం చుట్టూ లోపల గోడ కట్టి దాన్ని వేరు చేస్తుందని చూపించాడు. పైన పూసిన పూత ఆ పనికి సాయం చేయదు. కింద తేమను పట్టి ఉంచి కుళ్లుకే మేలు చేస్తుంది.

రెండో ఏడాది ఎత్తు తగ్గించండి. పై కొమ్మను ఎక్కడబడితే అక్కడ తల నరకకుండా, బయటికి వాలిన ఒక పక్కకొమ్మ పుట్టేచోటు చూసి అక్కడికి కోయండి. ఆ పక్కకొమ్మ లావు, కోసే కొమ్మ లావులో కనీసం మూడో వంతు ఉండాలి. అంతకంటే సన్నదైతే పైకి వచ్చే తిండినంతా అది పీల్చుకోలేదు, మళ్లీ నీరుకొమ్మలే లేస్తాయి. ఏడాదికి మూడు నాలుగు అడుగులు దించితే చాలు. చివరికి 14, 15 అడుగుల దగ్గర నిలిపితే మూడు కాళ్ల తోట నిచ్చెనతో కాయ అందుతుంది.

మూడో ఏడాది సన్నపని: ఇంకో కొమ్మ నీడలో వేలాడుతున్నవి, కిందికి జారిపోయి సన్నబడినవి తీయడం. ఇక్కడ ఒక జాగ్రత్త. పాత కొమ్మల మీద వేలెడంత పొట్టిగా, ముడతలు ముడతలుగా, చివర లావు మొగ్గతో ఉండే చిన్న కొమ్మలు కనిపిస్తాయి. వాటిని స్పర్‌లు అంటారు. కాయ కాసేవి అవే. కొమ్మ నీటుగా కనబడాలని వాటిని గీకేస్తే మళ్లీ రావడానికి ఏళ్లు పడుతుంది. మరీ గుత్తులు కట్టి ఉంటే సగం తీసి పలచన చేయండి, అంతే.

ఈ మూడేళ్లూ ఎరువు వేయకండి. ముఖ్యంగా నత్రజని వద్దు. పక్కనున్న గడ్డికి వేసే లాన్ ఎరువు కూడా చెట్టు గొడుగు కింద పడకుండా చూడండి. కోతతో ఇప్పటికే ఊపు మీదున్న చెట్టుకు అది నీరుకొమ్మల మందు. దానికి బదులు, పిందెలు గోలీకాయంత ఉన్నప్పుడు, జూన్ మొదట్లో, గుత్తికి ఒక్కటి ఉంచి మిగతావి తుంచేయండి. పిందెకూ పిందెకూ ఆరంగుళాల ఎడం ఉండాలి. కాయ సైజు పెరుగుతుంది. ఒక ఏడాది విరగకాసి మరో ఏడాది ఖాళీగా ఉండే జబ్బూ తగ్గుతుంది.

ఇంకో సంగతి. మీ ఇల్లు ఒకప్పటి ఆపిల్ తోట స్థలంలో కట్టిందైతే మట్టి పరీక్ష చేయించండి. అక్కడి తోటల్లో ఇరవయ్యో శతాబ్దం మొదటి సగమంతా లెడ్ ఆర్సినేట్ అనే పురుగుమందు చల్లేవారు. సీసం, ఆర్సెనిక్ పై మట్టిలోంచి ఎక్కడికీ పోవు. కాయకు పెద్ద భయం లేదు, కడుక్కుని తింటే చాలు. కానీ చెట్టు కింద తోటకూర, గోంగూర వేయాలనుకున్నా, పిల్లలు ఆ మట్టిలో ఆడుతున్నా ముందు పరీక్ష అవసరం.

ప్రశ్న: మేం మీ పత్రికకు ఆలస్యంగా రాస్తున్నాం. పోయిన మార్చిలో పనివాళ్లతో ఆపిల్ చెట్టు పైభాగమంతా ఒకే ఎత్తున కోయించాం. ఇప్పుడు ప్రతి మొండి మీదా పది పదిహేను కొమ్మలు నిటారుగా లేచాయి. అన్నీ మళ్లీ కోసేయమంటారా?
— ఆన్ ఆర్బర్, మిషిగన్

జవాబు: అన్నీ కోస్తే పోయినేటి పనే మళ్లీ చేసినట్టు, వచ్చే మార్చికి ఇంతకు రెట్టింపు ఉంటాయి. ఈ కొమ్మలు చెట్టుకు శత్రువులు కావు. పోయిన గొడుగును చెట్టు తిరిగి కట్టుకునే ప్రయత్నం ఇది. వాటిలోంచే మీకు కావలసిన కొత్త కొమ్మలు ఎంచుకోవాలి.

ఈ చలికాలంలో ప్రతి మొండి మీదా అన్నింటికంటే లావైనవి, సూటిగా పైకి పోయినవి సగం దాకా మొదలంటా తీసేయండి. కొంచెం వాలుగా, బొటనవేలి కంటే సన్నగా ఉన్నవాటిని ఉంచండి. ఉంచినవాటి చివరలు కత్తిరించవద్దు. చివరి మొగ్గ ఉన్నంతకాలం అది కింది మొగ్గలను అదుపులో పెడుతుంది, అది పోతే అన్నీ ఒక్కసారి లేస్తాయి.

ఉంచిన వాటిలో, ఖాళీ ఉన్న దిక్కుకు ఒకటి చొప్పున, ఒకదానికొకటి అడుగుంపావు ఎడంగా ఎంచుకుని వంచి కట్టండి. నిలువు నుంచి పక్కకు 45 నుంచి 60 డిగ్రీల వాలు సరిపోతుంది. నేల మీద మేకు కొట్టి, మెత్తటి గుడ్డపీలికతో వదులుగా ఉచ్చు వేసి లాగండి. సన్న నైలాన్ తాడు బెరడులోకి కోసుకుపోయి ఏడాదిలో కొమ్మను పీక పిసికినట్టు చంపేస్తుంది. నిలువు కొమ్మ ఎదుగుతుంది, వాలిన కొమ్మ పూస్తుంది. వంచిన రెండో ఏడో మూడో ఏడో దాని మీద స్పర్‌లు కనిపిస్తాయి. పూర్తిగా అడ్డంగా వంచితే మాత్రం వంపు మీద మళ్లీ నిలువు కొమ్మలు లేస్తాయి.

మిగతా పని జూన్‌లో. కొత్త నీరుకొమ్మలు అడుగు లోపు, పచ్చిగా, వేళ్లతో విరిచేంత మెత్తగా ఉన్నప్పుడు పట్టుకుని కిందికి లాగి చీల్చేయండి. ప్రూనర్ వద్దు. కత్తిరిస్తే మొదట్లో మొగ్గలు మిగులుతాయి, చీల్చితే వాటితో సహా ఊడిపోతుంది. పావుగంట పని, చలికాలంలో ఒక పూట రంపం పనిని తప్పిస్తుంది. ఆగస్టు సగం దాటాక పచ్చికొమ్మ ముట్టుకోవద్దు. అప్పుడు లేచే లేత చిగురు ముదరకముందే మీ చలికి మాడిపోతుంది.

ఒక్కసారిగా గొడుగు పోవడంతో ఎండ తగలని లావు కొమ్మల పై బెరడు బయటపడి ఉంటుంది. నైరుతి వైపు అది ఎండకు పగులుతుంది. తెల్ల లేటెక్స్ పెయింటులో అంతే నీళ్లు కలిపి ఆ బెరడు మీద పూయండి. ఇది కోసిన గాయం మీద పూసే పూత కాదు, బెరడుకు ఎండ తట్టడానికి మాత్రమే.

ప్రశ్న: మే నెలలో మా ఆపిల్ చెట్టు కొమ్మ చివరలు కొన్ని కాల్చినట్టు నల్లబడి, కొస వంకీ తిరిగి వేలాడాయి. ఆకు రాలలేదు. మందు కొట్టాలా, కొమ్మ కోయాలా?
— కొలంబస్, ఒహాయో

జవాబు: కొస వంకీ తిరగడం, ఎండిన ఆకు రాలకుండా అంటుకుని ఉండటం, రెండూ ఫైర్ బ్లైట్ గుర్తులు. ఎర్వీనియా అనే బ్యాక్టీరియా పూవులోంచి, లేత చిగురులోంచి లోపలికి దిగి బెరడు కిందే వెనక్కి పాకుతుంది. లోపల దిగాక మందుతో చంపలేం. కొమ్మ కోయడమే వైద్యం.

ఇప్పుడు, చెట్టు నిద్రలో ఉండగా, పోయినేడు నల్లబడిన కొమ్మలు వెతికి, బెరడు కుంగి రంగు మారిన చోటుకు అడుగు కిందికి కోయండి. అక్కడ చలికాలం గడిపిన బ్యాక్టీరియాయే వసంతంలో జిగురులా కారుతుంది, ఈగలు, వాన దాన్ని పూత మీదికి మోస్తాయి. వేసవిలో కొత్తగా కనిపిస్తే ఆగకుండా, కానీ పొడి రోజునే, కంటికి కనిపించే నలుపుకు 8 నుంచి 12 అంగుళాలు కింద కోయాలి. కంటికి పచ్చగా కనిపించే భాగంలోనూ అది ముందే పాకి ఉంటుంది, కనుక నలుపు అంచుకు కోసి వదిలితే వారంలో మళ్లీ కనిపిస్తుంది. కోతకూ కోతకూ మధ్య బ్లేడును 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. బ్లీచు కూడా పనిచేస్తుంది, ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు. కానీ ఉక్కు తుప్పు పడుతుంది, పని కాగానే కడిగి నూనె రాయాలి. కోసిన పుల్లలు కంపోస్టులో వేయవద్దు, సంచిలో కట్టి చెత్తలో పంపించండి.

లేత చిగురు ఎంత ఎక్కువుంటే ఈ జబ్బు అంత విజృంభిస్తుంది. కనుక పై జవాబుల్లో నత్రజని గురించి, ఎక్కువ కోతల గురించి చెప్పింది మీకు మరింత వర్తిస్తుంది. మానుదాకా దిగితే చెట్టు తీసేయడం తప్ప దారి లేదు.

ప్రశ్న: మా లండన్ ఇంటి వెనక పెద్ద బ్రామ్లీ ఆపిల్ ఉంది. కత్తిరించడానికి కౌన్సిల్ అనుమతి కావాలని పక్కింటావిడ అంటున్నారు. నిజమేనా?
— హారో, ఇంగ్లండ్

జవాబు: చెట్టు మీద ట్రీ ప్రిజర్వేషన్ ఆర్డర్ (చెట్టును కాపాడేందుకు కౌన్సిల్ ఇచ్చే ఆదేశం) ఉంటే మామూలుగా అనుమతి లేకుండా కొమ్మ ముట్టకూడదు. మీ వీధి కన్జర్వేషన్ ఏరియాలో, అంటే పాత రూపు చెడకుండా కాపాడే ప్రాంతంలో ఉంటే, నేల నుంచి మీటరున్నర ఎత్తులో మాను అడ్డుకొలత 75 మిల్లీమీటర్లు దాటిన చెట్టుకు ఆరు వారాల ముందు కౌన్సిల్‌కు నోటీసు ఇవ్వాలి. ఎండిన కొమ్మలు తీయడానికి, కాయ కోసం పెంచే చెట్టును మంచి తోట పద్ధతి ప్రకారం కత్తిరించడానికి ఈ రెండింటి నుంచీ మినహాయింపు ఉంది. కౌన్సిల్ వెబ్‌సైటులో మ్యాప్ చూస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. రంపం కొనేముందే చూడండి.

బ్రామ్లీ కొంతవరకు కొమ్మ చివరల్లోనూ కాస్తుంది. కనుక పొడుగు కొమ్మల కొసలన్నీ ఒకేలా కత్తిరిస్తే ఆ కాయ పోతుంది. గుబురైనచోట కొమ్మను మొదలంటా తీసి, ఉంచిన కొమ్మను కొసదాకా ఉంచండి. చాలా బలంగా ఎదిగే రకం, చేయి కొంచెం తేలికగా వాడండి.

ప్రశ్న: మేడ మీద పెద్ద కుండీలో ‘అన్నా’ రకం ఆపిల్ వేశాం. మూడేళ్లయింది, ఆకు రాలదు, కాయ లేదు. చలి దేశాల్లోలా కత్తిరించాలా?
— హైదరాబాద్

జవాబు: మామూలు ఆపిల్‌కు 7 డిగ్రీల కంటే తక్కువ చలి ఎనిమిది వందల గంటలకు పైగా కావాలి. అన్నాకు రెండు మూడు వందలు చాలు. హిమాచల్ ప్రదేశ్ బిలాస్‌పూర్ జిల్లాలో పుట్టిన హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్-99 కూడా తక్కువ చలి రకమే. హైదరాబాద్‌లో అంత చలి కూడా దొరకదు కనుక చెట్టుకు నిద్ర మనమే కల్పించాలి. ఇండోనేసియాలో, తూర్పు జావా కొండల్లో, ఆపిల్ పండించేవారు చేసేది అదే: ఆకు దూసేస్తారు.

డిసెంబరు మూడో వారంలో రెండు వారాలపాటు నీళ్లు తగ్గించి, ఆకులన్నీ చేత్తో దూయండి. మొగ్గ ఊడకుండా ఆకును కిందికి కాకుండా పైకి, కొస వైపుకు తుంచాలి. ఆ రోజే అడ్డదిడ్డం కొమ్మలు తీసి, నిటారువాటిని వంచి కట్టి, తిరిగి నీళ్లు మొదలుపెట్టండి. మూడు నాలుగు వారాల్లో మొగ్గ పగులుతుంది. అన్నాకు పక్కన డోర్సెట్ గోల్డెన్ లాంటి మరో తక్కువ చలి రకం అదే సమయంలో పూస్తే కాపు నిలుస్తుంది, ఒంటరి చెట్టు పూసినా పిందె కట్టేది తక్కువ. మేడ మీద ఇంటికి సరిపడా కాయ వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. పండు కోసమే అయితే ఆ కుండీలో జామ నయం.

ప్రశ్న: మా మామగారు నాటిన బంగినపల్లి చెట్టు నలభై ఏళ్లది. మేడకంటే ఎత్తు పోయింది, కాపు కొసల్లో నాలుగు కాయలు. ఆపిల్ చెట్టుకు మీరు చెప్పే మూడేళ్ల పద్ధతి మామిడికీ పనికొస్తుందా?
— ఏలూరు

జవాబు: పనిని ఏళ్ల మీద పంచుకోవడం పనికొస్తుంది, మిగతా వివరాలు మారతాయి. ఆపిల్ పాత కొమ్మ మీది స్పర్‌ల మీద కాస్తుంది. మామిడి అలా కాదు, వర్షాకాలంలో వచ్చిన చిగురు ముదిరి, దాని కొసన పూత వేస్తుంది. కనుక కాయ దిగిన వెంటనే, జూన్ నుంచి జూలై మొదటి పక్షంలోపు కత్తిరింపు అయిపోవాలి. ఆలస్యమైతే వచ్చిన చిగురు పూత కాలానికి ముదరదు. సంక్రాంతి ముందు కొమ్మలు కొడితే ఆ ఏటి పూతనే కొట్టేసినట్టు.

ముదురు చెట్టును తిరిగి లేతబరచడంపై లక్నోలోని కేంద్ర ఉపఉష్ణ ఉద్యాన సంస్థ చాలా పని చేసింది. లావు కొమ్మలను 12 నుంచి 15 అడుగుల ఎత్తున కోసి, కొత్త గొడుగు కట్టించడం ఆ పద్ధతి. తోటల్లో అన్ని కొమ్మలూ ఒకే ఏడాది కొడతారు, రెండు మూడేళ్లు కాపు వదులుకుంటారు. ఇంటికి ఒక్కటే చెట్టు కాబట్టి మీరు నడుమ నిలువుగా పోయిన కొమ్మలు ఈ ఏడాది, పక్కవాటిలో సగం వచ్చే ఏడాది, మిగతా సగం ఆపై ఏడాది కొట్టించండి. కాయ పూర్తిగా ఆగదు, నీడా పోదు.

కోత ఏటవాలుగా ఉండాలి, వాన నీరు మొండి మీద నిలవకూడదు. ఇక్కడ మాత్రం గాయానికి పూత తప్పనిసరి. ఆపిల్‌కు వద్దని ఇక్కడ కావాలనడం ఎందుకంటే, అక్కడ కోత ఎండుచలిలో పడుతుంది, ఇక్కడ వానల్లో, బూజులు, పురుగులు రెచ్చిపోయే రోజుల్లో పడుతుంది. పైగా మనం పూసేది తారు కాదు, బూజును చంపే బోర్డో పేస్టు. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో ప్లాస్టిక్ బకెట్లలో వేరువేరుగా కలిపి, రెండూ ఒకచోట పోయండి. ఇనుప పాత్ర వద్దు, మైలుతుత్తం దాన్ని తినేస్తుంది. కలిపిన రోజే పూయాలి, మర్నాటికి పనికిరాదు. బయటపడ్డ మాను బెరడుకు ఎండ తగలకుండా సున్నం కొట్టించండి.

రెండు నెలల్లో ప్రతి మొండి చుట్టూ గుత్తులుగా చిగురు లేస్తుంది. అన్నీ ఉంచితే మళ్లీ పాత కథే. జానెడు పొడవున్నప్పుడు, బయటి వైపుకు ఉన్న బలమైనవి నాలుగైదు ఉంచి మిగతావి తీసేయండి. చాలా చెట్లు కొట్టించాక చెడేది ఈ పని మరిచిపోవడం వల్లే. కొట్టేవాళ్లు డబ్బు తీసుకుని వెళ్లిపోతారు, అక్టోబరులో చిగురు పలచన చేయడానికి ఎవరూ రారు. ఆ తేదీ ఇప్పుడే కేలెండరులో రాసుకోండి. గొడుగు అంచు కింద చుట్టూ గాడి తీసి 50 కిలోల చివికిన పశువుల ఎరువు వేయండి, ఒట్టి యూరియా వేయకండి.

కొట్టిన చెట్టుకు కాండం తొలుచు పురుగు బెడద ఎక్కువ. తల్లి పురుగు వానాకాలం మొదట్లోనే బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. రంపపు పొట్టులాంటిది మాను కింద కనిపిస్తే, రంధ్రం వెతికి, ఇనుప తీగ దూర్చి లోపలి పురుగును లాగేయండి. తర్వాత పెట్రోలులో తడిపిన దూది కూరి బంకమట్టితో మూసేయాలి. పాత పుస్తకాల్లో దీనికి డైక్లోర్వాస్ రాసి ఉంటుంది. మన దేశంలో దాని అమ్మకం, వాడకం 2020 చివరితో నిషేధమైంది, ఎవరైనా పాత సీసా ఇచ్చినా తీసుకోవద్దు.

కోసేటప్పుడు మామిడి సొన ఒంటి మీద పడితే పుండవుతుంది. పనివాళ్లకు పొడుగు చేతుల చొక్కా, కళ్లద్దాలు ఇప్పించండి, చేతులకు ముందుగా కొబ్బరినూనె రాసుకోమనండి.